అమెరికా కాలేజీలో ఫ్రాటర్నిటీలో చేరాలా, వద్దా: బిడ్ చేతికి రాకముందే తేల్చుకోవలసిన సంగతులు

అమెరికాలో డిగ్రీ మొదటి సంవత్సరంలో అడుగుపెట్టిన విద్యార్థికి, తరగతులు మొదలైన కొద్ది వారాలకే ఒక పెద్ద నిర్ణయం ఎదురవుతుంది. క్యాంపస్‌లోని గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే ఫ్రాటర్నిటీలనే విద్యార్థి సంఘాలు కొత్త సభ్యుల కోసం రష్ అనే ఎంపిక కార్యక్రమం నిర్వహిస్తాయి. భోజనాలకు పిలుస్తాయి, ఆటలు ఆడిస్తాయి, పరిచయాలు పెంచుకుంటాయి, చివరకు తమకు నచ్చినవారికి బిడ్ అనే ఆహ్వానం ఇచ్చి కొద్ది రోజుల్లోనే జవాబు చెప్పమంటాయి. ఈ విషయంలో తెలుగు ఇళ్లలో అనుభవంతో సలహా చెప్పగలిగినవారు అరుదు. అమెరికాలో స్థిరపడిన మన తల్లిదండ్రుల్లో చాలామంది ఎంఎస్ చదువుకో, ఉద్యోగానికో వచ్చినవారే కాబట్టి ఇక్కడి డిగ్రీ కాలేజీ జీవితాన్ని వారు లోపలి నుంచి చూడలేదు. ఇంటర్ పూర్తిచేసి హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో నేరుగా ఇక్కడికి డిగ్రీకి వచ్చే పిల్లల కుటుంబాలకు ఫ్రాటర్నిటీ అంటే సినిమాల్లో కనిపించే పార్టీలు తప్ప మరేమీ తెలియదు. అందువల్ల ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు చర్చ జరగదు. ఒక పక్క భయం, మరో పక్క ఉత్సాహం మాత్రమే ఉంటాయి.

ఫ్రాటర్నిటీలు మంచివా, చెడ్డవా అని మొత్తంగా అడిగితే ఈ నిర్ణయం ఎప్పటికీ తేలదు. ఒకే పేరు, ఒకే జాతీయ కార్యాలయం ఉన్న సంఘానికే ఒక యూనివర్సిటీలో పద్ధతిగా నడిచే చాప్టర్, అంటే స్థానిక శాఖ, ఉండవచ్చు, మరో యూనివర్సిటీలో క్రమశిక్షణ చర్యలతో మూతబడిన చాప్టర్ ఉండవచ్చు. మీరు తేల్చుకోవలసింది మీ కాలేజీలో, ఈ సంవత్సరం, ఇప్పుడున్న సభ్యులతో నడుస్తున్న ఆ ఒక్క చాప్టర్ గురించి మాత్రమే. దాన్ని తేల్చుకోవడానికి కావలసిన సమాచారంలో చాలా భాగం బహిరంగంగానే దొరుకుతుంది. దొరకని భాగాన్ని ఎవరిని అడిగి తెలుసుకోవాలో కూడా ఈ వ్యాసంలో చెబుతాను.

ముందు అది ఏ రకం సంఘమో చూడండి

గ్రీకు అక్షరాల పేరు ఉన్న ప్రతి సంఘమూ ఒకటి కాదు. సాధారణంగా ఫ్రాటర్నిటీ అంటే స్నేహం, కలిసి గడపడం కోసం ఏర్పడే సోషల్ ఫ్రాటర్నిటీ. ఈ సంప్రదాయం న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో 1825లో ఏర్పడిన కప్పా ఆల్ఫా సొసైటీ నాటిది. అబ్బాయిల సంఘాలు చాలావరకు క్యాంపస్‌లో ఇంటర్‌ఫ్రాటర్నిటీ కౌన్సిల్ కింద ఉంటాయి. అమ్మాయిల సొరోరిటీల్లో చాలా జాతీయ సంఘాలు నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్‌లో సభ్యులు. వాటి రిక్రూట్‌మెంట్ మరింత క్రమబద్ధంగా, కట్టుదిట్టమైన కాలపట్టికతో జరుగుతుంది. నల్లజాతి విద్యార్థులను తెల్లవారి సంఘాలు చేర్చుకోని రోజుల్లో, కార్నెల్‌లో 1906లో మొదలైన ఆల్ఫా ఫై ఆల్ఫాతో మరో పరంపర ఏర్పడింది. ఆ పరంపరలోని తొమ్మిది సంఘాల కూటమి నేటికీ అమెరికా ప్రజాజీవితంలో బలమైనది.

మన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేవి, వారి మాటల్లో బ్రౌన్ ఫ్రాట్ అని వినిపించేవి, దక్షిణాసియా విద్యార్థుల సంఘాలు. బింగ్‌హాంటన్‌లో 1994లో ఐయోటా ను డెల్టా, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 1996లో సిగ్మా బీటా రో, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో 1998లో డెల్టా ఎప్సిలాన్ సై, లాస్ ఏంజెలస్‌లోని యూసీఎల్‌ఏలో 1999లో బీటా కై థీటా మొదలయ్యాయి. అమ్మాయిలకు టెక్సస్ రాష్ట్రంలోనే 1998లో కప్పా ఫై గామా, డెల్టా ఫై ఒమేగా ఏర్పడ్డాయి. ఈ చాప్టర్లు సాధారణంగా చిన్నవి, చాలావాటికి సొంత ఇల్లు ఉండదు. తెలుగు, గుజరాతీ, పంజాబీ, మలయాళీ పిల్లలు కలిసి ఉంటారు కాబట్టి తిండి గురించీ, ఇంటి నియమాల గురించీ ఎవరికీ వివరించి చెప్పవలసిన అవసరం రాదు. ఇది నిజమైన సౌకర్యమే. అయితే ఈ సౌకర్యాన్ని చూసి భద్రత కూడా ఉందని అనుకోరాదు. ఎందుకో కొంచెం తర్వాత చెబుతాను.

ఇవి కాక ప్రొఫెషనల్ ఫ్రాటర్నిటీలు ఉన్నాయి. బిజినెస్ విద్యార్థులకు ఆల్ఫా కప్పా సై, డెల్టా సిగ్మా పై, ఇంజనీరింగ్ వారికి థీటా టౌ, వైద్యవిద్య వైపు వెళ్లేవారికి ఫై డెల్టా ఎప్సిలాన్ వంటివి ఇందులోకి వస్తాయి. వీటిలో అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ ఉంటారు. సేవా కార్యక్రమాలకు ఆల్ఫా ఫై ఒమేగా ఉంది. ఇంజనీరింగ్‌లో టౌ బీటా పై వంటివి మార్కుల ఆధారంగా గౌరవించే సంఘాలు. వాటి నుంచి పిలుపు వస్తే అది వేరే సంగతి, ఈ వ్యాసంలోని హెచ్చరికలు దానికి వర్తించవు. సీనియర్ల పరిచయాలు, ఇంటర్న్‌షిప్ దారులే మీకు ముఖ్యమైతే సోషల్ ఫ్రాటర్నిటీ కంటే ప్రొఫెషనల్ సంఘమే సూటిగా పనికివస్తుందని నా అభిప్రాయం. ఎంఎస్‌కు వచ్చినవారి విషయానికి వస్తే, సోషల్ ఫ్రాటర్నిటీలు ప్రధానంగా డిగ్రీ విద్యార్థుల కోసమే ఉంటాయి కాబట్టి వారికి ఈ ప్రశ్న దాదాపు రాదు.

కాలేజీ ఇంకా ఎంచుకోనివారు ఒక విషయం గమనించవచ్చు. రైస్, నోటర్ డామ్ యూనివర్సిటీల్లో ఫ్రాటర్నిటీలే లేవు. విలియమ్స్, బోడిన్ వంటి కాలేజీలు తమ దగ్గర ఉన్నవాటిని తొలగించాయి. డార్ట్‌మత్‌లో రెండో సంవత్సరం వచ్చేదాకా చేరనివ్వరు. దీనికి భిన్నంగా, దక్షిణాది రాష్ట్రాల్లోని కొన్ని పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో క్యాంపస్ సామాజిక జీవితమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

హేజింగ్ గురించి: ఇక్కడ తొందరపడకండి

బిడ్ ఒప్పుకున్న తర్వాత సభ్యత్వం ఇచ్చేదాకా కొన్ని వారాలు గడుస్తాయి. ఆ దశలో ఉన్నవారిని ప్లెడ్జ్ అనో, న్యూ మెంబర్ అనో పిలుస్తారు. సంఘం చరిత్ర నేర్చుకోవడం, సభ్యులందరినీ కలవడం, సేవా కార్యక్రమాల్లో పాల్గొనడం పైకి చెప్పే పనులు. నిద్ర లేకుండా చేయడం, అవమానించడం, కొట్టడం, బలవంతంగా తాగించడం వంటివి జరిగితే అవి జరిగేదీ ఈ దశలోనే. దీన్నే హేజింగ్ అంటారు.

మన తల్లిదండ్రులకు ర్యాగింగ్ తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే దానిపై నిషేధ చట్టం చేసింది. ఆ అనుభవంతో హేజింగ్‌ను చూస్తే ఒక ముఖ్యమైన తేడా తప్పిపోతుంది. ర్యాగింగ్ మనం కోరుకోకుండానే, కాలేజీలో చేరినందుకే వచ్చిపడుతుంది. దాని నుంచి తప్పించుకోవాలనే విద్యార్థి చూస్తాడు. హేజింగ్‌లో విద్యార్థి తనకు కావలసినదాని కోసం తానే వెళ్తాడు. ఇంకా కొద్ది వారాలు ఓర్చుకుంటే సభ్యుడినవుతాననీ, ఇప్పుడు ఆగిపోతే ఇంతవరకు పడ్డదంతా వృథా అనీ తనకు తానే చెప్పుకుంటాడు. తోటి ప్లెడ్జ్‌లను విడిచివెళ్లడం ద్రోహంలా అనిపిస్తుంది. తెలివైన పిల్లలు కూడా మధ్యలో బయటికి రాలేకపోవడానికి ఇదే కారణం. అందుకే ఈ నిర్ణయం బిడ్ రాకముందే జరగాలని ఇంత గట్టిగా చెబుతున్నాను. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల చట్టాల్లో, హేజింగ్‌కు గురైన విద్యార్థి తానే ఒప్పుకున్నాడనే వాదన నిందితులను కాపాడదు.

రెండు సంఘటనలు ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలోని బీటా థీటా పై ఇంట్లో, బిడ్ ఒప్పుకున్న రాత్రే, 19 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి టిమ్ పియాజ్జా చేత విపరీతంగా తాగించారు. అతడు మెట్ల మీద నుంచి పడ్డాడు. ఇంట్లో ఉన్నవారు దాదాపు 12 గంటల పాటు సహాయం కోసం ఫోను చేయలేదు. రెండు రోజుల తర్వాత అతడు చనిపోయాడు. అది నియమాల ప్రకారం మద్యం ఉండకూడని ఇల్లు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా అతని పేరు మీద కొత్త చట్టం చేసింది. రెండోది 2013 డిసెంబరులో జరిగింది. న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీకి చెందిన ఆసియా విద్యార్థుల ఫ్రాటర్నిటీ పై డెల్టా సై, తన ప్లెడ్జ్‌లను పెన్సిల్వేనియా కొండల్లోని ఒక అద్దె ఇంటికి తీసుకువెళ్లింది. ఒక మొదటి సంవత్సరం విద్యార్థికి కళ్లకు గంతలు కట్టి, వీపున బరువైన సంచి తగిలించి, మళ్లీ మళ్లీ ఢీకొట్టి పడదోయడంతో తలకు దెబ్బ తగిలి అతడు మరణించాడు. అక్కడ కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లడంలో ఆలస్యం జరిగింది. 2018లో కోర్టు ఆ సంఘాన్ని పెన్సిల్వేనియాలో 10 ఏళ్లపాటు నిషేధించింది. ఆ సంఘంలో మద్యం కంటే దేహబలమూ, జాతి గౌరవమూ ముందుకు వచ్చాయి. మనవాళ్ల సంఘం కాబట్టి భయం లేదని నమ్మే తల్లిదండ్రులు ఈ రెండో సంఘటనను గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు చాప్టర్ చరిత్రను తెలుసుకోవడం మునుపటికంటే సులభం. 2024 డిసెంబరులో వచ్చిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం ప్రకారం, ఫెడరల్ ఆర్థిక సహాయ పథకాల్లో ఉన్న ప్రతి కాలేజీ తన దగ్గర ఏ విద్యార్థి సంఘం హేజింగ్ నియమాలను ఉల్లంఘించిందో, ఏమి జరిగిందో, ఏ శిక్ష వేశారో బహిరంగ నివేదికలో చూపాలి. దాన్ని ఏడాదికి కనీసం రెండుసార్లు తాజాపరచాలి. మీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో హేజింగ్ ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్ అని వెతికితే అది దొరుకుతుంది. టెక్సస్ వంటి కొన్ని రాష్ట్రాల్లో రాష్ట్ర చట్టం కిందే ఇలాంటి జాబితాలు అంతకుముందు నుంచీ ఉన్నాయి. నివేదికను చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. విచారణలో రుజువైనవే అందులోకి వస్తాయి కాబట్టి, పేరు లేనంత మాత్రాన ఆ చాప్టర్ నిర్దోషి అని తేలదు. కాలేజీ గుర్తింపు పోగొట్టుకుని బయట అద్దె ఇంట్లో అదే పేరుతో నడిచే చాప్టర్లు అసలు ఈ లెక్కలోకే రావు. గుర్తింపు లేని చాప్టర్ ఎంత ఆకర్షణీయంగా కనిపించినా దాని గడప తొక్కకండి. ఈ ఒక్క విషయంలో మినహాయింపు లేదు.

పెళ్లి సంబంధం చూసేటప్పుడు పెద్దలు అబ్బాయి ఇంటివాళ్లను అడిగి ఊరుకోరు, ఇరుగుపొరుగు దగ్గర విచారిస్తారు. ఇక్కడా అదే పద్ధతి పనికివస్తుంది. ముందుగా చాప్టర్‌లో ప్లెడ్జ్‌గా చేరి మధ్యలో వచ్చేసినవారిని కనుక్కుని మాట్లాడండి. డార్మ్‌లోని సీనియర్లను అడిగితే అలాంటివారు ఒకరిద్దరైనా తెలుస్తారు. చేరి సంతోషంగా ఉన్నవారు తాము చూసినది చెబుతారు, వచ్చేసినవారు తాము భరించలేకపోయినది చెబుతారు. రెండోది వినకుండా మొదటిదాన్ని నమ్మకండి. తర్వాత సభ్యులను నేరుగా అడగండి: న్యూ మెంబర్ దశ ఎన్ని వారాలు, వారానికి ఎన్ని గంటలు, ఏ రోజుల్లో ఉంటుంది? అర్ధరాత్రి పిలుస్తారా? ఫోను తీసుకుంటారా? ఊరు దాటి తీసుకువెళ్లే కార్యక్రమం ఉందా? మద్యం తాగనివారు ఎవరైనా మీ సభ్యుల్లో ఉన్నారా, వారితో మాట్లాడవచ్చా? ఇక్కడ జవాబు ఎంత ముఖ్యమో, అది చెప్పిన తీరూ అంతే ముఖ్యం. తారీఖులూ పనులూ ఉన్న కాగితం చేతిలో పెట్టే చాప్టర్‌కూ, నవ్వి "అది అప్పుడే తెలుస్తుంది, ఇప్పుడే చెబితే మజా ఏముంది" అని దాటేసే చాప్టర్‌కూ చాలా దూరం ఉంది. ప్లెడ్జ్ దశనే లేకుండా చేసిన జాతీయ సంఘాలూ ఉన్నాయి. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ 2014లో అలా చేసింది. కాబట్టి వారాల తరబడి పరీక్ష పెట్టడం తప్పనిసరి ఆచారమని ఎవరైనా అంటే అది నిజం కాదు.

ఇంట్లో చెప్పవద్దని ఒట్టు పెట్టించుకునే పని ఏదైనా ఉంటే అక్కడితో ఆపేయండి. రహస్య మంత్రాలూ, కరచాలనాలూ ఈ సంఘాల సంప్రదాయంలో భాగమే, వాటిలో హాని లేదు. అయితే వంటి మీద దెబ్బల గురించీ, నిద్ర లేని రాత్రుల గురించీ మౌనంగా ఉండమనడం సంప్రదాయం కాదు.

డబ్బు, సమయం, మార్కులు, వీసా

ఖర్చు చాప్టర్‌ను బట్టి సెమిస్టర్‌కు కొన్ని వందల డాలర్ల నుంచి, సొంత ఇంట్లో వసతి, భోజనం కలిస్తే వేల డాలర్ల దాకా ఉంటుంది. సెమిస్టర్ డ్యూస్ (సభ్యత్వ రుసుము) ఒక్కటే అడిగి సరిపెట్టుకోకండి. కొత్త సభ్యుల ఫీజు, జాతీయ కార్యాలయానికి వెళ్లే మొత్తం, బీమా వాటా, ఫార్మల్ విందులు, టీషర్టులు, సమావేశానికి రాకపోతే వేసే జరిమానా, ఇవన్నీ కలిపి మొదటి సంవత్సరానికి ఎంతవుతుందో ట్రెజరర్‌ను అడిగి రాతలో తీసుకోండి. రెండో సంవత్సరం ఫ్రాటర్నిటీ ఇంట్లోనే ఉండాలనే నియమం కొన్ని చోట్ల ఉంటుంది; అప్పుడు అద్దె ఒప్పందం మీద మీ సంతకం ఉంటుంది, సభ్యత్వం మానుకున్నా అద్దె తప్పకపోవచ్చు.

మార్కుల సంగతి ఊహకు వదిలేయనవసరం లేదు. చాలా యూనివర్సిటీల్లో ఈ సంఘాల వ్యవహారాలు చూసే గ్రీక్ లైఫ్ కార్యాలయాలు ప్రతి సెమిస్టర్ చాప్టర్ల సగటు జీపీఏను ప్రకటిస్తాయి. క్యాంపస్ మొత్తం విద్యార్థుల సగటుతో, అలాగే ఆ చాప్టర్‌లో కొత్త సభ్యుల సగటుతో పోల్చి చూడండి. చాప్టర్ సగటు బాగుండి కొత్త సభ్యుల సగటు మాత్రం పడిపోతుంటే, ఆ మొదటి సెమిస్టర్‌లో ఏమి జరుగుతోందో మీకు అర్థమవుతుంది. వైద్యవిద్యకు వెళ్లదలచినవారు ఆర్గానిక్ కెమిస్ట్రీ ఉన్న సెమిస్టర్‌లోనే ప్లెడ్జ్‌గా చేరడం తెలివైన పని కాదు. ఒక సెమిస్టర్ ఆగి వసంతంలో వెళ్లినా చాలా చాప్టర్లు తీసుకుంటాయి.

భారతదేశం నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చిన విద్యార్థి విషయంలో లెక్క మరింత కఠినమైనది. డిగ్రీలో సాధారణంగా సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు చదువుతూ ఉంటేనే అతని స్టేటస్ నిలుస్తుంది. మార్కులు పడిపోయి ఒక కోర్సు వదిలేయడం స్థానిక విద్యార్థికి ఇబ్బంది మాత్రమే. ఇతనికి దేశంలో ఉండే హక్కుకే ముప్పు. మద్యం తాగే వయసు 21 కాగా, ఫ్రాటర్నిటీలోని మొదటి రెండేళ్ల సభ్యుల్లో దాదాపు అందరూ అంతకంటే చిన్నవారే. మద్యం తాగి కారు నడిపిన కేసులో అరెస్టయితే, నేరం రుజువు కాకముందే విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయగలదు. తప్పు చేసిన వారితో ఒకే ఇంట్లో ఉన్నందుకు పోలీసు విచారణలో పేరు రావడం కూడా ఎఫ్-1 విద్యార్థికి చిన్న విషయం కాదు. ఇలాంటి విద్యార్థి సోషల్ ఫ్రాటర్నిటీలో చేరకూడదని నేను అనను. తాగని సభ్యులు గౌరవంగా మసలే చాప్టర్ అయితే తప్ప చేరవద్దని మాత్రం అంటాను.

దేని కోసం చేరాలనుకుంటున్నారో రాసి చూడండి

ప్రమాదాల గురించి ఇంత రాసిన తర్వాత, వీటిలో నిజమైన మేలు కూడా ఉందని చెప్పకపోతే అన్యాయమవుతుంది. నలభై యాభై వేల మంది చదివే క్యాంపస్‌లో పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఒంటరితనం చిన్న బాధ కాదు. పేరుపెట్టి పిలిచేవారు, జ్వరం వస్తే మందు తెచ్చేవారు, ఏ ప్రొఫెసర్ దగ్గర ఏ కోర్సు తీసుకోవాలో చెప్పే అన్నయ్యలాంటి బిగ్ అనే సీనియర్ ఒకరు ఉండడం చదువును నిలబెట్టగలదు. చాప్టర్ ట్రెజరర్‌గానో, సేవా కార్యక్రమాల బాధ్యుడిగానో పనిచేసిన విద్యార్థి ఇరవై ఏళ్లకే బడ్జెట్ వేయడం, తోటివారి చేత పని చేయించడం, తగాదాలు తీర్చడం నేర్చుకుంటాడు. ఆ స్నేహాలు పెళ్లిళ్ల దాకా, పిల్లల పుట్టినరోజుల దాకా సాగడం మన తెలుగు కుటుంబాల్లోనూ కనిపిస్తుంది.

అందువల్ల మీకు కావలసినది ఏమిటో స్పష్టంగా కాగితం మీద రాయండి. స్నేహితులా, ఉద్యోగ పరిచయాలా, ఉండటానికి ఇల్లా, సంస్కృతితో సంబంధమా, లేక చేరకపోతే వెనకబడిపోతాననే భయమా? రాసిన ప్రతిదానికీ ఎదురుగా, అది ఆ క్యాంపస్‌లో ఇంకెక్కడ దొరుకుతుందో రాయండి. భారతీయ విద్యార్థి సంఘం, తెలుగు విద్యార్థుల బృందం, పోటీలకు వెళ్లే భాంగ్రా, రాస్, ఫ్యూజన్ నృత్య బృందాలు, కర్ణాటక సంగీతం పాడే గుంపు, పరిశోధన ప్రయోగశాల, క్రికెట్ క్లబ్ వంటివాటిలో దేనిలోనైనా మీ అవసరం తీరుతుందేమో చూడండి. నృత్య బృందాలు వారానికి తీసుకునే సమయం ఫ్రాటర్నిటీ కంటే తక్కువేమీ కాదు, అక్కడి స్నేహాలూ తక్కువవి కావు. ఫ్రాటర్నిటీలో తప్ప ఇంకెక్కడా దొరకనిది మీ జాబితాలో మిగిలితే, చేరడానికి మీకు సరైన కారణం ఉన్నట్టే. మిగిలింది భయం ఒక్కటే అయితే ఒక సెమిస్టర్ ఆగండి.

తల్లిదండ్రులకు ఒక మాట. వద్దు అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే పిల్లవాడు మానడు, చెప్పకుండా చేరతాడు. అప్పుడు ప్రమాదం వచ్చినా మీకు ఫోను చేయడు. పైన చెప్పిన నివేదికను, ఖర్చు కాగితాన్ని అతనితో కలిసి కూర్చుని చూడండి. ఎవరైనా స్పృహ తప్పి పడి ఉంటే, ఎవరు ఏమన్నా ముందు 911కు ఫోను చేయాలని, దాని వల్ల ఏ ఇబ్బంది వచ్చినా ఇంట్లో అతన్ని ఏమీ అనబోమని ముందే మాట ఇవ్వండి. సహాయం కోసం ఫోను చేసినవారిని తక్కువ వయసులో తాగిన నేరం నుంచి మినహాయించే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయని కూడా చెప్పండి.

బిడ్ వచ్చాక వద్దనుకుంటే కారణాలు వివరించవలసిన అవసరం లేదు. "మీ ఆదరణకు కృతజ్ఞతలు, ఈ సంవత్సరం నేను చేరడం లేదు" అని రెండు వాక్యాలు రాసి పంపితే చాలు. ఒప్పుకుని న్యూ మెంబర్ దశలో ఉన్నప్పుడు మానుకోవాలనిపిస్తే, ఎవరి గదికో వెళ్లి మాట్లాడటానికి ఒప్పుకోకుండా, చాప్టర్ అధ్యక్షుడికి ఈమెయిల్‌లో రాసి గ్రీక్ లైఫ్ కార్యాలయానికి ప్రతి పంపండి. సభ్యుల జాబితా నుంచి మీ పేరు తీసేసినట్టు ఆ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా ధ్రువీకరణ తీసుకోండి. కట్టిన ఫీజులో ఎంత తిరిగివస్తుందో, ఏ తేదీ తర్వాత రాదో అప్పుడే అడిగి తెలుసుకోండి. మానుకున్నందుకు ఎవరైనా బెదిరిస్తే ఆ సందేశాలను చెరపకుండా దాచి, డీన్ ఆఫ్ స్టూడెంట్స్ కార్యాలయానికి అదే రోజు ఇవ్వండి.